విరగని బిళ్ళ

ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్ళో నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "పనిచేస్తోంది" అంటే నమ్మకుండా ఉన్నందుకే నాకు జీతం. ఆ గుణాన్ని ఆఫీసులో వదిలి రావడం నాకు చేతకాదని మా ఆవిడ పెళ్ళయినప్పటి నుంచీ అంటూనే ఉంది. అందుకే పక్కింటి పెద్దాయన ఒక శనివారం పొద్దున బిస్కెట్ల డబ్బా చేతపట్టుకుని మా తలుపు కొడితే నాకు ముందు అనుమానమే వచ్చింది.

ఆయన ఎనభైకి దగ్గరపడ్డ ఇంగ్లీషాయన, భార్య పోయాక ఒక్కడే ఉంటాడు. మేం ఊళ్ళో లేనప్పుడు మా చెత్త బిన్‌లు ఆయన బయట పెడతాడు, ఆయన కంప్యూటర్ మొరాయిస్తే నేను చూస్తాను. డబ్బాలో బిస్కెట్లు లేవు. కోడిగుడ్డు ఆకారంలో ఒక లోహపు బిళ్ళ, పెన్సిల్‌తో గీసిన ఒక పటం ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ళ నాన్న ఫ్రాన్స్‌లో ఒక జర్మన్ సైనికుణ్ణి తన చేతులతో పాతిపెట్టి, కర్ర శిలువ నాటి, ప్రార్థన చదివాడట. ఆ చోటుదే ఈ పటం. ఆ కథ వింటూనే ఈయన పెరిగాడు.

"ఇది ఆ సైనికుడి మెడలోని గుర్తింపు బిళ్ళ. వాళ్ళవాళ్ళకి చేర్చాలి. దానికంటే ముందు మా నాన్న చెప్పింది నిజమో కాదో నాకు తెలియాలి. చెడ్డదైనా సరే, దాచొద్దు," అన్నాడు.

మా ఆవిడ బిళ్ళను ముట్టుకోలేదు. "చచ్చిపోయినోళ్ళది ఇంట్ల ఎట్ల పెడ్తవ్? షెడ్డుల పెట్టు," అంది. మెట్ల మీద నుంచి మా అమ్మాయి "దట్స్ సో క్రీపీ, డాడ్" అని గదిలోకి వెళ్ళిపోయింది. బిళ్ళ వెళ్ళి గడ్డి కోసే మెషీన్ పక్కన కూర్చుంది.

దాని మీద పేరు లేదు. ఒక దళం పేరు, ఒక నంబరు, మధ్యలో అడ్డంగా చిల్లుల వరస. వరసకు పైనా కిందా అవే అక్షరాలు. ఆ చిల్లులు ఎందుకో చదివాక నా మనసు కలుక్కుమంది. సైనికుడు చనిపోతే బిళ్ళను అక్కడ విరుస్తారు. ఒక సగం శవంతో పాటు మట్టిలో ఉంటుంది, రెండోది రికార్డుల ఆఫీసుకు వెళ్తుంది. మా పెద్దాయన బిళ్ళ విరగలేదు. అంటే మట్టిలో ఉన్న మనిషి దగ్గర అతనెవరో చెప్పేది ఏమీ మిగల్లేదు. ప్రార్థన చదివినవాడు బిళ్ళ మొత్తం ఎందుకు పట్టుకొచ్చుకున్నాడు? శవం జేబులు కూడా వెతికాడా? అసలు చంపింది ఎవరు? పెద్దాయన కిటికీలోంచి చెయ్యి ఊపినప్పుడల్లా ఇవే నా బుర్రలో తిరిగేవి.

యుద్ధ చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళ ఫోరమ్‌లో అడిగితే, ఎడిన్‌బర్గ్‌లో ఉండే ఒక రిటైర్డ్ టీచర్ పలికింది. బిళ్ళ ఫోటో పంపమంది. ఇలాంటివి కొని అమ్మేవాళ్ళు ఉంటారని భయపడి, నంబరు కనబడకుండా చెరిపి పంపాను. "నంబరు లేకుండా చెప్పడానికి నేను జ్యోతిష్కురాలిని కాను," అని ఆవిడ జవాబు. సిగ్గుపడి అసలు ఫోటో, దాంతో పాటు పటం కూడా పంపాను.

పటంలో ఉన్న ఊరిని ఆవిడ రెండు రోజుల్లో పట్టేసింది. ఆ ఊరి ఆపిల్ తోటలో గోడవారగా మూడు సమాధులు ఉండేవట. యుద్ధం అయ్యాక వాటిని తవ్వి, పెద్ద జర్మన్ శ్మశానానికి మార్చారు. ఇద్దరి పేర్లు తెలిశాయి. మూడోవాడు "తెలియని సైనికుడు" అయ్యాడు. మా పటంలోనూ గోడ పక్కన మూడు గుర్తులే, చివరి దాని చుట్టూ సున్నా. అయితే ఆ ఇద్దరి దళం వేరు, మా బిళ్ళ మీది దళం వేరు. దొరికాడు దొంగ అనుకున్నాను. బిళ్ళ ఇంకెక్కడిదో, వాళ్ళ నాన్న కథ అల్లాడని తీర్పిచ్చేసి వారం రోజులు పెద్దాయన ముఖం తప్పించుకు తిరిగాను.

పప్పులో కాలేశాను. బిళ్ళ మీద ఉండేది సాధారణంగా సైన్యంలో చేరినప్పటి శిక్షణ దళమేనని, తర్వాత ఎక్కడికి పంపినా చాలాసార్లు అదే బిళ్ళ ఉంటుందని టీచరమ్మ విడమరిచి చెప్పింది. జర్మనీలోని రికార్డుల ఆఫీసుకు రాస్తే, కొన్ని నెలలకు జవాబొచ్చింది. ఆ నంబరు గల మనిషికి పేరుంది. శిక్షణ అయ్యాక ఆ ఇద్దరున్న దళానికే వెళ్ళాడు. ఆ ఊరి దగ్గరే కనబడకుండా పోయాడు. అతనికి ఒక కూతురు ఉంది, తండ్రి ఎక్కడున్నాడని ఇప్పటికీ అడుగుతోంది. ఉత్తరం రాస్తే ఆమెకు చేరుస్తామన్నారు.

ఇది విని మా ఆవిడ చేస్తున్న పని ఆపింది. "వాళ్ళ నాయన ఏ దినం పోయిండో గూడ ఆ బిడ్డకు తెల్వకపాయె. మనకైతే తేదీ తెల్వనోళ్ళకు బియ్యమిచ్చెటందుకు పెత్రమాస ఉంటది. ఆమెకేముంటది? జల్ది రాయి," అంది. షెడ్డులోంచి బిళ్ళను తనే తెచ్చి తుడిచింది.

పెద్దాయన వంటింట్లో కూర్చుని, ఉన్నదంతా ఆయనకు చెప్పాను. పాతిపెట్టడం నిజం, పటం నిజం. బిళ్ళలో సగమైనా వదిలి ఉంటే ఆ సమాధికి పేరుండేది.

"అయితే ఆమెని ఇన్నేళ్ళు వెతికించింది మా నాన్నే," అన్నాడు.

ఆయన్ని అలా చూడలేకపోయాను. "బిళ్ళ తోటలో దొరికిందని రాద్దాం లెండి," అన్నాను. 

"వద్దు. తీశాడని రాయి. ఎందుకు తీశాడో నాకు తెలియదని కూడా రాయి."

లోకం మొత్తాన్ని అనుమానించిన నేను, అవసరం పడగానే అబద్ధానికి సిద్ధమైపోయాను. ఆ రోజు నా మీద నాకే రోత పుట్టింది.

ఆయన చెప్పినట్టే రాసి పంపాను. జవాబు వచ్చినప్పుడూ నా బుద్ధి మారలేదు. కవరు మందంగా ఉంది, లాయరు నోటీసేమోనని ముందు నేనే విప్పాను. ఆ సైనికుడి కూతురు తన మనవడి చేత ఇంగ్లీషులో రాయించింది. కోపం వచ్చిందని దాచలేదు. భర్త చనిపోయాడన్న రుజువు లేక వాళ్ళమ్మ చివరిదాకా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదట. తను పుట్టేనాటికే తండ్రి యుద్ధంలో ఉన్నాడు, ఒక్కసారీ చూడలేదు. చివర్లో ఒకటి అడిగింది. "మీ నాన్న ఫోటో పంపండి. మా నాన్న ముఖాన్ని ఆఖరున చూసిన మనిషిని నేను చూడాలి."

పెద్దాయన ఆల్బమ్‌లన్నీ తెచ్చి బల్ల మీద పరిచాడు. పెళ్ళిలో, సముద్రం ఒడ్డున, సైకిలు పక్కన, యూనిఫారంలో, అన్నిటిలోనూ వాళ్ళ నాన్న నవ్వుతున్నాడు. "ఇది పంపలేం," అంటూ ఒక్కొక్కటే పక్కన పెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం వాళ్ళ నాన్న నవ్వని ఫోటో కోసం వెతికాం.