ఇస్త్రీ బుట్టలో వచ్చిన కబురు

దొరసాని లియొకాదియా ముప్ఫయ్యేళ్లుగా ఇస్త్రీ మడతల్లోనే బతికింది గాని, ఆ మడతలు ఎవరు పెడుతున్నారో ఏనాడూ అనుకోలేదు. ఎసిహా ఊళ్లో పెద్దింటి ఆడవాళ్లంతా అంతే. బట్ట మాసి బుట్టలో వెళ్తుంది, తళతళలాడుతూ తిరిగొస్తుంది. మధ్యలో ఒక మనిషి ఉందని, కూతురు ఆ మనిషి ఇంటికి చేరాకే ఆవిడకు తెలిసింది.

ఆవిడకు పదిహేడో ఏట పెళ్లయింది. వరుణ్ణి అంతకుముందు రెండుసార్లు చూసింది, రెండుసార్లూ చర్చిలోనే, అదీ వెనకనుంచి. తండ్రి వేలితో చూపించిన చోట సంతకం పెట్టింది. భర్త డాన్ ఫద్రీకే, మార్కీసు బిరుదున్న జమీందారు, చెడ్డవాడేం కాదు. తన మాటకు ఎదురుంటుందని ఎవరూ చెప్పకుండా పెరిగిన మనిషి, అంతే.

ఒక్కగానొక్క కూతురు యులాలియా ఆ ఎదురు చెప్పింది. ఇరవై మూడేళ్లు నిండిన వారానికే, తమ గుర్రాలకు వైద్యం చేసే ఇలారియోను చేసుకుంటానని జడ్జికి అర్జీ పెట్టుకుంది.

"నా గుర్రం డెక్క పట్టుకునేవాడు నా కూతురి చెయ్యి పట్టుకుంటాడా?" అన్నాడు ఫద్రీకే.

కన్నవాళ్లు కాదన్నప్పుడు, పద్ధతి ప్రకారం పిల్లను నెలరోజులు మర్యాదస్తులైన మూడోవాళ్ల ఇంట్లో ఉంచాలి. ఈలోగా కన్నవాళ్లు గాని, చేసుకోబోయేవాడు గాని కలవకూడదు. గడువు తీరాక జడ్జి వచ్చి, నీ మాట అదేనా అని అడుగుతాడు. మార్కీసుకు భయపడి పెద్దిళ్లన్నీ తప్పుకున్నాయి. ఒకరింట్లో కోరింత దగ్గు, ఇంకొకరింట్లో గోడలకు సున్నం. విసిగిపోయిన జడ్జి, ఇస్త్రీ చేసుకు బతికే విధవరాలు బసిలిసా ఇంటికి పిల్లను పంపాడు. ఆవిడ మర్యాద గురించి ఎవరు నోరెత్తగలరు? ఇరవయ్యేళ్లుగా ఎవరి చొక్కా మీద ఏ మరక ఉందో ఆవిడకు తెలుసు, ఒక్కమాట బయటికి పొక్కలేదు.

"మూడు రోజులు," అన్నాడు ఫద్రీకే భార్యతో. "విసనకర్ర తప్ప ఏదీ ఎత్తని చేతులవి. నాలుగోరోజు గుమ్మంలో ఉంటుంది. నా చొక్కాలు మాత్రం ఎప్పటిలా ఆవిడకే పంపించు. కోపం ఉంది కదా అని నలిగిన చొక్కా తొడుక్కోలేను."

నాలుగోరోజు పిల్ల రాలేదు. శనివారం బసిలిసా బుట్టతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆరు చొక్కాల్లో ఒకదాని వీపున ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ.

"ఆ మచ్చ నాది కాదండి, దొరసానిగారూ."

"తెలుసు. ఏడుస్తోందా?"

"కబుర్లు మొయ్యొద్దన్నారండి జడ్జిగారు. నేను మొయ్యను. బట్టలే మోస్తాను. మీకు కళ్లున్నాయి కదా."

లియొకాదియా ఆ చొక్కాను పరుపు కింద దాచి, దాని మీదే పడుకుంది. తాను అడగలేని మాట కూతురు అడిగింది. అది నిలబడితే చాలు.

రెండోవారం మచ్చ లేదు గాని గంజి దట్టమైంది. కాలరు చెక్కలా నిలబడి, క్లబ్బులో ఎవరు పలకరించినా ఫద్రీకే ఒళ్లంతా తిప్పి చూడాల్సి వచ్చింది. లియొకాదియా విసనకర్ర చాటున నవ్వుకుంది.

మూడోవారం చొక్కాలు లియొకాదియా ఆత్రంగా అందుకుంది. ఎక్కడా వంక లేదు. పిల్ల చేతులెత్తేసిందా? ఇది బసిలిసా పనేనా? ఒక్కో చొక్కా తిరగేసి చూసింది. బసిలిసా ఎప్పుడూ చొక్కా ఎడమ చేతిని కింద పెట్టి మడుస్తుంది. వీటికి కుడి చెయ్యి కింద ఉంది. యులాలియాది చిన్నప్పటినుంచీ ఎడమచేతి వాటం.

ఆదివారం అందులో ఒక చొక్కాతో ఫద్రీకే చర్చికి వెళ్లాడు. మెట్ల మీద నలుగురు మెచ్చుకున్నారు. "బసిలిసా చెయ్యి చెయ్యే," అన్నాడు రొమ్ము విరుచుకుని.

"అది బసిలిసా చెయ్యి కాదు," అంది లియొకాదియా.

"మరెవరిది?"

"విసనకర్ర తప్ప ఏదీ ఎత్తని చేతులన్నారే, అవి."

ఆయన చొక్కా చేతి మడత ఒకసారి తడిమి చూసుకున్నాడు. రాత్రి భోజనానికి కూడా ఆ చొక్కా మార్చలేదు.

గడువునాడు జడ్జి అందరి ముందూ అడిగాడు. "నా మాట అదే," అంది యులాలియా. ఫద్రీకే ఆమె మణికట్టు మీది కాలిన మచ్చ కేసి చూశాడు.

"దీనికి మందు రాయడం కూడా రాదా మీ గుర్రాల డాక్టరుకి?"

"ఆయన్ని రానివ్వకుండా చేసింది మీరే కదా, దొరగారూ," అంది బసిలిసా. జడ్జి కాగితాల్లో తల దూర్చి నవ్వాడు. ఫద్రీకే కలం తీసి, పెళ్లికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. వేలు పెట్టి ఎవరూ చూపించలేదు.

పెళ్లికి ముందురోజు లియొకాదియా బసిలిసా ఇంటికి నడిచి వెళ్లింది, తలమీది నల్ల లేసు ముసుగు తానే ఇస్త్రీ చేసుకుంటానంది. "పైన పల్చటి గుడ్డ వెయ్యండి, దొరసానిగారూ," అని బసిలిసా అంటూనే ఉంది. అంచు చుర్రుమని కాలింది.

మర్నాడు చర్చిలో లియొకాదియా ఆ కాలిన అంచును అందరికీ కనబడేట్టు ముందుకు వేసుకుంది.