దేవే భుజానికి తగిన కత్తి

కొంటాలో హైవే పక్కన సెల్‌ఫోన్లూ మిక్సీలూ బాగుచేసే కల్యాణికి పనితనం ఎంతో పంతమూ అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఊళ్లో దసరా నాటకానికి రంగులు మారే కత్తి కావాలనగానే, "ఇట్లాంటిది జగదల్‌పూర్‌ల కూడా ఉండదు" అని ముందే చాటింపు వేసేసింది. అడవిరాణి వేషంలో ఆ కత్తి పట్టేది ఆమె చిన్ననాటి నేస్తం దేవే. అడవిరాణికి కోపమొస్తే కత్తి ఎర్రగా వెలగాలి, క్షమించాక ఆకుపచ్చగా మారాలి.

తెల్లటి ప్లాస్టిక్ గొట్టంలో ఎల్‌ఈడీ పట్టీ. పిడిలో నాలుగు బ్యాటరీలు, రంగు మార్చే బోర్డు. ఊపితే మోగడానికో సెన్సారు, దానికో స్పీకరు. కత్తి కాదది, పిడి తగిలించిన దుకాణం! రిహార్సల్లో దేవే దాన్ని చెవిదాకా ఎత్తేసరికి, వేసవిలో బైకు మీంచి పడి విరిగిన భుజం కలుక్కుమంది. కత్తి జారి కింద పడింది.

నాటకం ఆడించే వెంకటనారాయణ మంచివాడే, కానీ నాటకం దగ్గరికొచ్చేసింది. "నీకెందుకు బిడ్డా ఈ నొప్పి? ఈసారికి ఇంకొకరు ఏస్తరులే."

దేవే తలవంచుకుంది. ఎముక ఎప్పుడో అతికింది, ఇంట్లోవాళ్ల భయమే పోలేదు. నీళ్ల బిందె కూడా ముట్టనివ్వరు. ఈ వేషం కోసమే ఆమె మళ్లీ గడప దాటింది. కల్యాణి కింద పడ్డ కత్తిని అందుకుంది.

"రేపటిదాకా ఆగు బాబాయ్. కత్తి తేలిక చేసి తెస్త."

దేవేను పక్కన కూర్చోబెట్టుకుని దుకాణంలో కత్తి విప్పింది. మామూలప్పుడు వెలిగే తెల్లవెలుగే కరెంటు తాగేసేది. ఎరుపూ ఆకుపచ్చా చాలనుకుంటే బ్యాటరీ ఒకటి సరిపోతుంది. మిగతావి తీసేసింది. స్పీకరు మాత్రం వదలలేకపోయింది.

"ఏందే, నా చెయ్యి ముఖ్యమా, నీ డబ్బా ముఖ్యమా?" అంది దేవే.

"చప్పుడు లేకుంటే ఏం కత్తే? ఉప్పు లేని కూర!"

దేవే విసురుగా ఇంటికెళ్లి, చిన్నప్పుడు తాత చేసిచ్చిన బుల్లి వెదురు గొట్టం తెచ్చింది. ఊదక్కర్లేదు, ఊపితే గాలి దూరి అదే మోగుతుంది. పెద్దవాళ్లు అడవిదారిన అలాంటివే ఊపుకుంటూ వెళ్లేవారు, జంతువులు తప్పుకోవాలని. కల్యాణి ఓసారి ఊపి చూసింది. వెంటనే స్పీకరునూ సెన్సారునూ సొరుగులో పడేసి, వెదురును కత్తి కొసకు బిగించింది.

"ఇది గరిటె కన్నా తేలికున్నది గదే!" అన్నాడు మర్నాడు రిహార్సల్లో వెంకటనారాయణ. వేషం దేవేకే మిగిలింది.

నాటకంలో ఎర్రకత్తి తిరిగింది, వెదురు వూఁ అంది. ముందువరుస ముసలివాళ్లు పాత అలవాటున జంతువేదో దగ్గర్లో ఉందేమోనని పక్కలకు చూసి, మళ్లీ తమలో తామే నవ్వుకున్నారు. చివర్లో కత్తిని నిటారుగా పైకెత్తాలి. తెర పక్కన కల్యాణి దేవే భుజాన్నే చూస్తోంది. దేవే మీట నొక్కింది. చెయ్యి చెవి దాటింది, తల దాటింది. రంగు మారిందని జనం ఈలలేశారు. కల్యాణి ఆ రంగు చూడనే లేదు. "ఎత్తిందే, మా దేవే ఎత్తింది!" అని తెరలో మొహం దాచుకుని ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున, నీళ్లకు వెళుతూ దేవే వాళ్లమ్మ గుమ్మంలో ఆగింది. కూతురి భుజం వైపు చూసి, బిందె ఆమె చేతికిచ్చింది.