సారు తిన్న సాళ్లు

పెళ్లై కోటగిరి పక్క పల్లెకు వచ్చిన ఏడాది. మంచి పల్లి విత్తనం దొరకడమే గగనం. మా మామ బోధన్‌లో పొద్దంతా లైన్లో నిలబడి ఒక్క సంచి తెచ్చాడు. అందరం కూర్చుని కాయలు ఒలిచాం. తెల్లారితే విత్తాలి.

ఆ సాయంత్రమే వ్యవసాయాఫీసు సారు వచ్చాడు, విత్తనం ఎలా దాచుకోవాలో చెప్పడానికి. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త నోటితో పంపడం మా అత్తకు చేతకాదు. తినే పల్లీలేమో అయిపోయాయి. నేను చూసేసరికి విత్తనాలు మూకుట్లో వేగుతున్నాయి! మామ ముఖం మాడిపోయింది, కానీ సారు ముందు ఏమనగలడు?

సారు గుప్పెళ్లకొద్దీ నములుతూ, "ఎంత మంచిగున్నయమ్మా! గిసొంటియి తినొద్దు, విత్తనానికి పెట్టుకోవాలె" అన్నాడు.

నా నోరు ఊరుకుంటుందా?

"పెట్టుకున్నం సార్. మీరు తినేటియి గవే!"

సారు దవడ ఆగిపోయింది. అత్త నన్ను గట్టిగా గిల్లి, "పోరి మాటలు పట్టించుకోకుండ్రి సారూ, ఇంకిన్ని తినుండ్రి" అని ప్లేటు ముందుకు జరిపింది.

మర్నాడు చేను చివర కొన్ని సాళ్లు విత్తనం లేక మిగిలిపోయాయి. "గవి సారు తిన్న సాళ్లు" అన్నాడు మామ. విత్తనం దాచుకోవడం మాకు వచ్చు. మా అత్త నుంచి దాచడమెలాగో ఏ సారైనా చెబితే బాగుండు.