బాగుందని చెప్పకూడని చెరువు

ఎండలు ముదిరితే చాలు, తిరుత్తణి సంతకు పోయి ఒక కొత్త కూజా కొనుక్కుంటాను. ఇంట్లో మీ అమ్మ కొనిచ్చిన ఫ్రిజ్ ఉంది, కాదనను, కానీ కొత్త కూజాలో పోసిన నీళ్లకు మొదట్లో తడి మన్ను వాసన ఉంటుంది చూడండి, అది ఫ్రిజ్ నీళ్లకు రాదు. కొన్నాళ్లకు ఆ వాసన పోతుంది. అందుకని దాహం లేకపోయినా లేచి వచ్చి ఇంకో గుక్క తాగుతుంటాను. మొన్న అట్లా కూజా దగ్గర నిలబడి ఉన్నప్పుడే మీరు పూణే నుంచి ఫోనులో ఆ బొమ్మ పంపించారు: నీళ్ల ఒడ్డున ఎర్ర పెంకుల చిన్న చిన్న ఇళ్లు, వాటి ముందర ఊగే కుర్చీలు. వెంటనే ఫోను చేసి, "అవ్వా, ఇది మీ ఊరి చెరువేనంట, కాటేజీలు కట్టారంట, సెలవులకు వద్దామనుకుంటున్నాం, బాగుంటుందా అక్కడ?" అని అడిగారు. నేను ఆలోచించను కూడా లేదు. "ఏముండాది ఆడ, దోమలు. వేరే యాడికైనా పోండి" అనేశాను. మీరు సరేనని పెట్టేశారు.

పెట్టేశాక చాలాసేపు ఆ కూజా పక్కనే కూర్చున్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది గాని నాది కాదు. మా జేజిది.

జేజి అంటే మా నాయనకు అమ్మ. మా ఊరు కొత్తూరు. పాతూరు చెరువు నీళ్ల కింద మునిగి ఉంది కాబట్టి ఇది కొత్తూరయ్యింది. ఏటికి అడ్డం కట్ట వేసి ఆ చెరువు చేసినప్పుడు జేజి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు. అది ఎట్లా మొదలయ్యిందో ఆమె వడ్లు దంచుతూ, చింతపండు పిక్కలు తీస్తూ, నా జడ వేస్తూ చెప్పేది. ముందు ఒక మోటారు కారు వచ్చిందట. దిగినవాళ్లు ఎవరూ కోపంగా లేరట. మిట్ట మీద నిలబడి చుట్టూ చూసి "ఎంత బాగుందమ్మా మీ ఊరు" అన్నారట. జేజి ఇచ్చిన మజ్జిగ తాగి అదీ బాగుందన్నారు, బావి లోతు అడిగారు, చేలో మన్ను పిడికెడు తీసి గుడ్డలో కట్టుకున్నారు. వాళ్లలో ఒకాయన మన తెలుగే మాట్లాడాడు. మరుసటి ఏడు ఊరు ఖాళీ చేయమన్నారు. ధాన్యం, దూలాలు, దేవుడి పటాలు బండ్ల మీద వచ్చాయి గాని, వాకిట్లో పాతిన రోలు మాత్రం పెకలలేదు. అది నీళ్లలోనే ఉండిపోయింది.

అందుకని మా ఇంట్లో "బాగుంది" అనే మాట చెల్లేది కాదు. కొత్తవాళ్ల ముందర అసలే కాదు. గాదె నిండిన ఏడు కూడా ఎవరైనా అడిగితే నాయన "ఏం పండింది, గడ్డి" అనేవాడు. ఆడి నెలలో, అదే ఆషాఢంలో, అమ్మవారికి కూళు, అంటే రాగి అంబలి కాచి, మునగాకు వేపుడు, ఎండు చేపల పులుసు చేసి ఊరందరికీ పోసేవాళ్లం. వేళ్లు నాక్కుంటూ తిన్నవాళ్లు కూడా లేచేటప్పుడు "తినొచ్చులే" అని లేచేవాళ్లు. మా తమ్ముడు గుండ్రాయిలా ఉండేవాడు, వాణ్ణి ఎవరు ఎత్తుకోబోయినా జేజి ముందే "చిక్కి సగమైపోయినాడు" అని అడ్డం వచ్చేది.

అట్లాంటి ఇంటి ముందర ఎట్లాంటి చెరువు ఉండేదో చెప్తాను. కార్తీకంలో నిండితే కట్ట మీద నిలబడి చూడగా అవతలి ఒడ్డు కనబడేది కాదు. తెల్లవారి మంచు లేచే వేళ తిరుత్తణి కొండ నీళ్ల మీద తేలుతున్నట్టు ఉండేది. అలుగు పారితే ఆ హోరుకు ఇంట్లో గిన్నెలు సన్నగా గలగలలాడేవి. అప్పుడు ఆడవాళ్లం చీరె కొంగులు అడ్డం పట్టి చిన్న చేపలు పట్టేవాళ్లం. మాసి నెల దాటి ఎండలు మొదలైతే నీళ్లు వెనక్కు తగ్గేవి, తగ్గిన చోటల్లా బురద పగిలి పలకలు పలకలుగా లేచేది, ఆ నేలలో దోస, పుచ్చ పెట్టేవాళ్లు. నీటికాకులు ఎండిన చెట్ల మీద రెక్కలు చాపి బట్టలారేసినట్టు కూర్చునేవి. ఇంకా తగ్గితే పాతూరి గోడల మొదళ్లు, బావి గట్టు, జేజి రోలు బయటపడేవి. జేజి మాత్రం ఆ వైపు పోయేది కాదు.

కట్ట చివర ఒక బంగళా ఉండేది. సున్నం వేసిన గోడలు, ఎర్ర పెంకులు, చుట్టూ వరండా. చెరువు చూసుకునే ఆఫీసర్లు వచ్చినప్పుడు దిగేదానికి కట్టింది. మిగతా రోజుల్లో ఎవరి సిఫారసుతోనో పట్నంవాళ్లు వచ్చి గాలి మార్పుకు ఉండి పోయేవాళ్లు. దాని కావలి మునసామి మామ. ఆ బంగళా కిటికీలు తెరిస్తే చాలు, కొత్తూరులో తలుపులు మూసుకునేవి.

నాకు పదేళ్లు దాటిన వేసవిలో అక్కడికి పట్నం నుంచి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. వచ్చినవాళ్లు పోకుండా ఉన్నారు, అది మొదటి అనుమానం. తెలుగు మాట్లాడారు, అది రెండోది. ఆయన పొద్దునా సాయంత్రం చెరువు గట్టున తల వంచుకుని తిరిగేవాడు. ఆమె వరండా దాటి వచ్చేదే కాదు. ఒకరోజు మునసామి మామ మా ఇంటికి వచ్చి, మోకాలు నొప్పిగా ఉంది, సారుకు చుట్టుపక్కల చూపించేదానికి పాపను పంపించమన్నాడు.

"చూసేదానికి ఏముండాదిరా ఈడ?" అంది జేజి.

"సుమ్మా, ఊరికే తిరిగి చూస్తాడంట అత్తా. సిటీ మనిషి గదా, కాకిని చూసినా మురిసిపోతాడు."

"మురిసేవాళ్లతోనే మనకు భయం" అంది గాని, నన్ను పెరట్లోకి పిలిచింది. "పో మే. ఆయన దేన్ని చూస్తే దాన్ని గుర్తుపెట్టుకో. బాగుండాది అన్నాడంటే ఆడ ఏదో ఒక లోపం చెప్పు. ఏమీ తోచకపోతే పాము ఉండాదని చెప్పు."

అట్లా నేను చెరువు చూపించేదానికి పోయాను. తూము దగ్గర నీళ్లు నురగలు కట్టి దూకుతుంటే ఆయన ఆగి "అబ్బా, బాగుందే" అన్నాడు. "నాచు సార్, కాలు పెడితే జారి ఈడనే పోతారు" అన్నాను. నీటికాకులను చూశాడు. "కంపు సార్, గాలి ఇటు తిరిగితే అన్నం తినలేరు." పుచ్చతోటలో ముసలాయన ఒక కాయ పగలగొట్టి ఇచ్చాడు, లోపల ఎర్రగా మెరిసింది, ఆయన గడ్డమంతా రసం. "ఈ ఏడు తీపే లేదు సార్" అన్నాను, నా వాటా ముక్క గబగబా మింగుతూ. కొండను చూపించి అది తిరుత్తణేనా అన్నాడు. కాదనలేక "ఈ పక్కనుంచి చూస్తే అంత సరిగా ఉండదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ ఊళ్లో బాగుండేది ఒక్కటీ లేదా తల్లీ?"

"ఉంటే మేమెందుకు ఈడ ఉంటాం సార్?"

ఆ మాట జేజి వింటే మెచ్చుకునేది. కానీ అంతలో ఆయన నీటి అంచుకు పోయి వంగి, పగిలిన మన్ను పలక ఒకటి లేపి, కింద తడి మన్ను చిటికెడు తీసి వాసన చూశాడు. తర్వాత ఇటూ అటూ చూసి, ఇంకొంచెం తీసి జేబురుమాలులో మూటగట్టి జేబులో వేసుకున్నాడు. జేజి చెప్పిన కారువాళ్లూ ఇట్లాగే కట్టుకున్నారు. పాము సంగతి గుర్తే రాలేదు. చెప్పకుండా ఇంటికి పరుగెత్తాను.

ఆ సాయంత్రం మా వాకిట్లో ఊరు ఊరంతా చేరింది. చెరువు పెద్దది చేస్తారంట అన్నారొకరు, ఈసారి కొత్తూరు కూడా పోతుందంట అన్నారింకొకరు. చెప్పింది ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు. నాయన ఆ నెలలోనే పూరిల్లు తీసేసి పెంకుటిల్లు వేద్దామని ఇటుకలు కాల్పించి పెట్టాడు. ఆ ఇటుకల గుట్ట వైపు చూస్తూ, మేస్త్రీని రావద్దని చెప్పి పంపేశాడు. అమ్మ పొయ్యి ఊదుతూ కూర్చుంది, మంట బాగానే మండుతున్నా. జేజి మాత్రం ఏడవలేదు, తిట్టలేదు. వాకిట్లో ఉన్న రోలు దగ్గరకు పోయి రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది. కొత్తూరుకు వచ్చాక ఆమె రోలును పాతనివ్వలేదని, ఊరికే నేల మీద నిలబెట్టి ఉంచిందని నాకు అప్పుడు అర్థమయ్యింది.

తెల్లవారగానే నా చెయ్యి పట్టుకుని బంగళాకు నడిచింది. ముందు వాకిలికి పోలేదు. ఏ ఇంటి నిజమైనా పెరటి వైపే ఉంటుందని ఆమె నమ్మకం. వెనక వరండాలో ఆ పట్నం ఆమె ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్లో ఆ జేబురుమాలు విప్పి. మమ్మల్ని చూసి గబుక్కున మూసి, చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పెదవి అంచున నల్లటి తడి మన్ను.

జేజి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది.

"ఎన్నో నెలమ్మా?" అంది.

ఆమె కొంగు పొట్ట మీదికి లాక్కుంది. లోపలినుంచి ఆయన పరుగెత్తుకొచ్చి, "ఎవరికీ చెప్పొద్దవ్వా, మా ఇంట్లోవాళ్లకు కూడా తెలీదు. ఇంతకుముందు చెప్పినప్పుడల్లా నిలవలేదు. అందుకే ఎవరూ లేనిచోటికి వచ్చినాం" అన్నాడు. ఆమెకు ఏ తిండీ ఇమడటం లేదట, చెరువు గాలికి తడి మన్ను వాసన తగిలినప్పటినుంచి అదే కావాలని అడుగుతోందట. ఆడమనిషి మన్ను తింటోందని పక్కవాళ్లు చూస్తే సిగ్గని, ఆయనే తెచ్చి పెడుతున్నాడట.

జేజి మెట్టు మీద కూలబడింది. నవ్విందో ఊపిరి వదిలిందో నాకు తెలియలేదు. మంచి మాట బయటికి చెప్తే ఎవరో వచ్చి ఎత్తుకుపోతారని భయపడే ఇల్లు మాదొక్కటే అనుకున్నాను అంతవరకు.

"నీకేమన్నా బుద్ధి ఉండాదా నాయనా" అంది ఆయనతో. "నువ్వు తీసింది ఎనుములు పొర్లే చోటు. లెయ్యి తల్లీ, మెల్లగా నడువు."

ఆ రోజు జేజి, ఆ వేసవికి నీళ్లు తగ్గి బయటపడిన పాతూరికి పోయింది. నేను చూడగా అదే మొదటిసారి. బావి గట్టు దాటి, గోడల మొదళ్ల మధ్య ఎక్కడా తడుముకోకుండా, ఇంట్లో నడిచినట్టే నడిచి రోలు దగ్గర ఆగింది. పక్కన కూర్చుని పై పొర గీకేసి, లోపలి చల్లటి మన్ను శనగ గింజంత తీసి ఆమె అరచేతిలో పెట్టింది. "ఇది మా వాకిలి. నేను రోజూ అలికిన నేల. ఇంతే, ఇంకా అడగొద్దు. మిగతా ఆకలికి ఇంటికొచ్చి చింతచిగురు పులుసుతో సంగటి తిను."

ఆమె నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "బాగుందవ్వా" అంది.

లోపం చెప్పాల్సింది నేనేనేమోనని జేజి ముఖం చూశాను. జేజి రోలు మీద చెయ్యి వేసి, నీళ్ల వైపు చూస్తూ "బాగానే ఉంటుంది" అంది. ఆ మాట ఆమె నోట మళ్లీ ఎప్పుడూ వినలేదు.

వాళ్లు పోయేదాకా ఆమెకు రోజూ మా ఇంట్లోనే అన్నం. నాయన మేస్త్రీని పిలిపించాడు, ఆ వానాకాలానికి ముందే ఇల్లు లేచింది. ఇల్లు లేచాక వాకిట్లో గుంత తవ్వించి రోలును పాతింది జేజి. అయినా అనుమానం చావలేదు. "ఆ పిల్ల సంగతి నిజమే. ఆ సారును మాత్రం నేను ఇంకా నమ్మను, జేబు పెద్దది" అనేది.

రెండేళ్లకో మూడేళ్లకో ఆడి కృత్తికకు తిరుత్తణి కొండెక్కుతుంటే, కావళ్ల మధ్య, పూలు చెమట కర్పూరం కలిసిన ఆ వాసనలో, ఎవరో జేజి చెయ్యి పట్టుకున్నారు. ఆమే. చంకలో అప్పుడే గుండు చేయించి గంధం పూసిన పిల్లాడు, బుగ్గలు కిందికి జారుతున్నంత లావు. జేజి వాణ్ణి కళ్లనిండా చూసి, "ఏమ్మా, ఇట్ల చిక్కిపోయినాడే" అంది. ఆమె ఏడుపు ముఖంతో నవ్వి, "అవునవ్వా, ఏమీ తినడు" అంది.

ఇప్పుడు జేజి లేదు. బంగళా పైకప్పు ఎప్పుడో కూలింది. పుచ్చతోటలు లేవు. ఎక్కడినుంచో కాలువ నీళ్లు వచ్చి చెరువు వేసవిలో కూడా తగ్గడం లేదట, అందువల్ల పాతూరు బయటపడదు, రోలు ఎవరికీ కనబడదు. ఒడ్డున మీరు చూపించిన ఆ ఎర్ర పెంకుల ఇళ్లు వచ్చాయి. ఎవరో ఒకరు వచ్చి, నిలబడి, ఎంత బాగుందో అనుకుని ఉంటారు. అక్కడ ముందు ఎవరి పొలం ఉండేదో అడగాలని ఉంది నాకు.

కానీ మీరు అడిగినదానికి జవాబు ఇంకోటి. చెప్తాను, దగ్గరికి రండి. తెల్లవారి మంచు లేచేటప్పుడు కట్ట మీద నిలబడితే కొండ నీళ్ల మీద తేలుతుంది. చాలా బాగుంటుంది. సెలవులకు రండి, నేనూ వస్తాను. అక్కడికి పోయాక మాత్రం, ఎవరైనా అడిగితే, దోమలున్నాయని చెప్పండి.