కెర్రీని దాచిన బెరిల్

బెరిల్ ఆక్‌రాయిడ్ మా ఎదురింటి మనిషి. వయసులో ఉండగా చేపల ఫ్యాక్టరీలో పెట్టెలు మోసిన భుజాలు ఆమెవి. తర్వాత మొగుళ్ల దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్లకోసం మా ఊరి కౌన్సిల్ నడిపే ఆశ్రయంలో వంటా ఆమే, కాపలా ఆమే. బ్యాంకులు కూలాక లండన్‌లో ప్రభుత్వం నడిపే పెద్దలు ఖర్చులు తగ్గించమన్నారు. మా ఊళ్లో ముందు లైబ్రరీ పోయింది, తర్వాత పోలీసు స్టేషన్. ఆ చలికాలం ఆశ్రయమూ మూతపడింది.

అందులో ఉన్న మిగిలిన ఆడవాళ్లకు ఎక్కడో ఒకచోట చోటు దొరికింది. కెర్రీకి దొరకలేదు. ఆ పిల్ల మెడ మీద మొగుడి వేళ్ల గుర్తులు ఇంకా కమిలే ఉన్నాయి.

"ఎక్కడికెళ్తావే?" అంది బెరిల్.

"మా ఆయన డీన్ దగ్గరికే. నాకింకెవరున్నారు?"

"చావడానికా? నోర్మూసుకుని నా వెంట మా ఇంటికి నడు."

డీన్‌కు ఆచూకీ తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఓ ఆదివారం మధ్యాహ్నం, వీధిలో అందరూ భోజనాల దగ్గరుండగా, సుత్తితో బెరిల్ గుమ్మం ముందుకొచ్చాడు.

"ఒసే ముసలీ, నా పెళ్లాన్ని బయటికి పంపు!"

లోపలినుంచి బెరిల్ గొంతు వినబడింది. "నీ పెళ్లానికి వంట పనుంది. నువ్వెళ్లి గడ్డి తిను!"

నేను పోలీసులకు ఫోన్ చేశాను. "పక్క ఊరినుంచి రావాలమ్మా, ఉన్నది ఒక్క బండే," అన్నారు. ఈలోగా తలుపు చీలింది. నేను వీధి దాటి గుమ్మంలోకి వెళ్లేసరికి సుత్తి బెరిల్ దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె పడిపోలేదు. పళ్లూ నెత్తురూ కలిపి ఉమ్మి, వాడి జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టింది. వాడు మళ్లీ సుత్తి ఎత్తాడు. కెర్రీ పొయ్యి మీద బంగాళాదుంపలు మరుగుతున్న గిన్నె తెచ్చి వాడి ముఖాన కుమ్మరించింది. వాడు పందిలా అరిచాడు. పోలీసులు వచ్చేసరికి ముగ్గురం వాడిని నేలకు అదిమి కూర్చున్నాం.

డీన్ జైలుకెళ్లాడు. వాడి ముఖం కాల్చిందని కెర్రీ మీద కూడా కేసు పెట్టారు గానీ జడ్జి కొట్టేసింది.

ఆసుపత్రికి ఓ కౌన్సిలర్ పూలు పట్టుకొచ్చాడు. తీగలతో కట్టేసిన పళ్ల సందుల్లోంచి బెరిల్ అంది: "పూలెందుకయ్యా? ఆశ్రయం తాళాలియ్యి."

ఇవ్వలేదు. ఆ భవనం అమ్ముడుపోయింది. బెరిల్ ముఖం ఒక పక్కకు వంకరపోయింది. ఇప్పటికీ ఏదైనా మెత్తగా నలిపితేనే తినగలదు. కెర్రీ ఆమెతోనే ఉండిపోయింది. వసంతంలో ఇంకో ఆడమనిషి, పెదవి చిట్లి, చంకలో బిడ్డతో, బెరిల్ ఇల్లెక్కడని అడుగుతూ మా వీధికి వచ్చింది. కెర్రీయే ఎదురెళ్లి బిడ్డను అందుకుంది.