నీలా తూచిన లెక్క

పెద్దవూర దగ్గరి తండాలో పుట్టిన నీలాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటినుంచీ చేతకాదు. అలాంటి మనిషి 1995లో మిర్యాలగూడలో కంప్యూటర్ ముందు కొలువుకు కుదిరింది.

అది దామోదర్ నడిపే చిన్న ఆఫీసు. కాలువ కింది ఊళ్లకు నీళ్ల వంతులు లెక్కగట్టి ఇచ్చేవారు. పట్టికలో ఒక్కో ఊరికి ఒక్కో వరుస. ఒక ఊరి ఎకరాలు మారిస్తే చాలు, కంప్యూటర్ పట్టిక మొత్తాన్నీ మళ్లీ లెక్కవేసేది. ఆ సేపంతా తెర కదలదు, మెదలదు. నీలా లేచి కిటికీ దాకా పోయేది, వచ్చి చూసేది, మళ్లీ లేచేది. మధ్యలో కరెంటు పోతే చేసిందంతా గంగపాలు.

ఆ వానాకాలం హుజూర్‌నగర్ వైపు చివరి ఊళ్లను కూడా పట్టికలో కలిపారు. ఇక కరెంటు ఉన్నంతసేపట్లో లెక్క తెమలడం మానేసింది. వాటిలో ఒక ఊరి రైతు నాగయ్య రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"మా వంతు ఎప్పుడు బిడ్డా? నారు ముదురుతున్నది."

నీలాకు అన్నం సయించేది కాదు.

"కొత్త మిషన్ కొనాల్నేమో," అన్నాడు దామోదర్.

"జర ఆగుండ్రి సార్. ఇది ఎంత పని చేస్తున్నదో ముందుగాల సూద్దాం."

మొదట దశాంశాలున్న గడులను అనుమానించింది. అవి తీసేసినా తేడా రాలేదు. ఈసారి సగం ఊళ్లే ఉంచింది, తర్వాత అందులోనూ సగమే. దామోదర్ చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. రెండోసారి సగం సేపు పట్టాల్సిన లెక్క పావు వంతు సేపట్లోనే ముగిసింది.

"గిదేంది సార్! ఊళ్లు రెండింతలైతే పని నాలుగింతలైతున్నది!"

ఇద్దరూ ఒక్కో ఫార్ములా చదువుకుంటూ పోయారు. తూము నుంచి ఆ ఊరి దాకా ఎన్ని ఎకరాలో చెప్పే గడి దగ్గర విషయం బయటపడింది. ప్రతి ఊరూ మొదటి ఊరి నుంచి తనదాకా అన్నిటినీ కొత్తగా కూడుకుంటోంది.

"నేను పెట్టిందే గీ ఫార్ములా," అని దామోదర్ నవ్వేశాడు. "పై ఊరి మొత్తానికి తనది కలిపితే సాలు గదా!"

అలా మార్చి మీట నొక్కారు. నీలా లేవబోయేలోపే లెక్క తేలింది. నమ్మకం కుదరక చివరి ఊరి లెక్క చేత్తో వేసి సరిచూసుకుంది. నాగయ్య తన ఊరి వంతు కాగితం పట్టుకుని బస్సుకు పరుగెత్తాడు. ఆ వారంలోనే అతని ఊళ్లో నాట్లు పడ్డాయి.

ఏడాది తిరగకముందే నీలా కోదాడకు మారింది, అక్కడ కూడా నిలవక సూర్యాపేటకు వచ్చి కంప్యూటర్ నేర్పడం మొదలుపెట్టింది. తెర ఆగిపోయిందని ఎవరైనా కంగారుపడితే తిట్టేది కాదు. "సగం తీసి సూడు, ఎంత తగ్గిందో చెప్పు," అనేది. ఆ జవాబు వచ్చేదాకా తను మాత్రం వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది.