కారుకు చారు పెట్టిన రోజు

తలపాగా చుట్టుకుని, నుదుట బాసికం కట్టుకుని ఉన్న పెళ్లికొడుకును షేర్ ఆటోలో డ్రైవరు పక్కన అర సీటు మీద కూర్చోబెట్టి పంపిన పాపం నాది. అంతటి ఘనకార్యానికి నేను వాడిన ఆయుధం మీ ఊహకు ఎలాగూ అందదు కాబట్టి ముందే ఒప్పేసుకుంటాను. చింతపండు.

అప్పట్లో నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీ గుమాస్తాను. రామంతాపూర్‌లో మల్లయ్యగారింట్లో అద్దెకుండేవాళ్లం. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఇంకా మొలవలేదు. నాకో ఎర్ర కారుండేది. సెకండ్ హ్యాండ్ అని అంటగట్టారు గానీ, అది ఎన్ని చేతులు మారిందో దానికే గుర్తుండి ఉండదు. మల్లయ్యగారు కొడుకు శ్రీకాంత్ పెళ్లికి అద్దె కారు మాట్లాడబోతుంటే నేనే అడ్డుపడ్డాను.

"మా కారుండగా అద్దె కారెందుకండీ? పెళ్లికొడుకును నేను తీసుకొస్తాను."

"మంచిగ నడుస్తదా సారూ అది? ముహూర్తం తప్పితే మా వియ్యంకుడు ఊకోడు. గడియారం సూసి తుమ్మే మనిషి ఆయన."

"పూచీ నాది!" అన్నాను. నోటికి కూడా బ్రేకు ఉండాల్సింది.

పెళ్లికి ముందురోజు హారన్ మొండికేసింది. ఒకసారి పలికితే నాలుగుసార్లు అలుగుతోంది. బండ్ల కరెంటు పని చేసే యాదగిరికి ఫోన్ చేశాను. ఉప్పల్ డిపో దగ్గర కొట్టు. పనికంటే నోరు పెద్దది. ఆ రోజు భువనగిరిలో అత్తగారింట్లో ఉన్నాడు.

"ఫికర్ జేయకున్రి సార్. బానెట్ లేపున్రి. హారన్ కాడ వైర్లు కలిసేతాన ప్లాస్టిక్ కప్లర్ ఉంటది. గుంజున్రి. లోపల పిన్నులకు చిలుం బట్టుంటది. సాఫ్ జేసి మల్ల ఒత్తున్రి. టక్కుమనాలె. గంతే."

"చిలుమా?"

"పచ్చగుంటది సూడున్రి, ఇత్తడి గిన్నెలకు బట్టినట్టు."

ఆ చివరి మాట అతను అనకుండా ఉండాల్సింది. ఇత్తడికి పట్టిన చిలుము దేనితో వదులుతుంది? నేను మా ఆవిడ సుజాతను అడిగాను.

"చింతపండూ ఉప్పూ. దేనికండీ?"

"కారుకి."

"చారుకా?"

"కారుకే!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పాత చింతపండు ఇచ్చింది. నా చేతిలో పడ్డాక కొత్తదైతే మాత్రం బతుకుతుందా అనుకుని ఉంటుంది.

పులుసులో పాత టూత్‌బ్రష్ ముంచి తోమాను. పిన్నులు తళతళలాడాయి. ఒత్తాను. హారన్ మోగింది! అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కథ చెప్పే అవసరం ఉండేది కాదు. మిగతావి ఏం పాపం చేశాయని, బానెట్ కిందా స్టీరింగ్ కిందా చేతికందిన ప్రతి కప్లర్‌నూ ఊడబీకి మంగళస్నానం చేయించాను. లోపల నల్లటి రబ్బరు రింగులు కనిపిస్తే మురికనుకుని పారేశాను. తిరిగి బిగించేటప్పుడు రెండు తెల్ల కప్లర్లు కవలల్లా కనిపించాయి. అందులో ఒకటి మొరాయిస్తే గట్టిగా ఒత్తాను. యాదగిరి 'టక్కు'మనాలన్నాడు, ఇది 'కటుక్కు'మంది. ఒక అక్షరం ఎక్కువే పలికింది కదా అని మురిసిపోయాను.

మర్నాడు బంతిపూలూ మల్లెదండలూ కట్టించుకుని కారే పెళ్లికూతురిలా ఉంది. వెనక సీట్లో శ్రీకాంత్, నా పక్కన మల్లయ్యగారు. సందు మలుపులో బ్రేకు మీద కాలు పెట్టాను. బాం అని హారన్!

"రోడ్డు మీద ఎవ్వలు లేరు గద సారూ, ఎందుకు కొడుతున్నరు?"

"నేను కొట్టలేదండీ."

ఎడమకు ఇండికేటర్ వేశాను. వైపర్లు నిద్రలేచి, అద్దం మీది మల్లెదండను ఒక్క ఊపులో ఎత్తి, పక్కన వెళుతున్న స్కూటరాయన మెడలో వేశాయి. ఆయన తల వంచి స్వీకరించి వెళ్లిపోయాడు.

ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర లైటు. ఆగాలంటే బ్రేకు నొక్కాలి, నొక్కితే హారన్. మా వెనక వస్తున్న బ్యాండు వాళ్లు సిగ్గుపడి వాయించడం మానేశారు. ట్రాఫిక్ పోలీసు వచ్చాడు.

"ఏందన్నా, సిగ్నల్‌ను బెదిరిస్తున్నవా?"

"లోపల పెళ్లికొడుకండీ."

"అయితే లగ్గం ఈడనే జేస్తవా? హారన్ ఆపు."

"బ్రేకు వదిలితే గానీ ఆగదండీ."

"వదులు మరి."

"వదిలితే మీ మీదికొస్తుందండీ."

ఆయన పక్కకు జరిగి, "హ్యాండ్ బ్రేక్ దేనికున్నదన్నా, బట్టలు ఆరేసుకోనీకా?" అన్నాడు.

లాగి, బ్రేకు మీంచి కాలు తీశాను. హారన్ ఆగింది. ఇంజనూ ఆగింది. డాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ, పొగలో పోపు వాసన.

"అంకుల్, ఏందో మాడుతున్నది. లోపల వంటేమన్న పెట్టిన్రా?" అన్నాడు శ్రీకాంత్.

మల్లయ్యగారు గడియారం చూశారు. నన్ను చూశారు. ఆ చూపులో మా సామాన్లు ఎక్కించిన లారీ కనిపించింది నాకు. దిగి పరిగెత్తి, బోడుప్పల్ వైపు వెళుతున్న షేర్ ఆటోకు అడ్డం నిలబడ్డాను. ఫంక్షన్ హాలు అటే.

"ఇద్దరికే జాగున్నది," అన్నాడు డ్రైవరు.

"పెళ్లికొడుకయ్యా! మిగతావాళ్లను దింపెయ్!"

"పెళ్లికొడుకైతే ఏంది? ముంగట కూసోబెట్టు. జర తలపాగ తీయమను, నాకు అద్దం కనవడ్తలేదు."

వెనక ఒకావిడ తన కూరగాయల సంచి మల్లయ్యగారి ఒళ్లో పెట్టింది. ఆటో కదిలింది. దారిపొడుగునా "మేడిపల్లి, మేడిపల్లి" అని కేకలేసి మనుషుల్ని ఎక్కించుకుంటూనే వెళ్లాడట. అయినా ముహూర్తం అందింది. షేర్ ఆటో దిగిన అల్లుణ్ణి చూసి వియ్యంకుడు, "షోకులు లేని సంబంధం దొరికింది" అని కళ్లు తుడుచుకున్నాడట. ఆ మెప్పంతా మల్లయ్యగారి ఖాతాలో పడింది కాబట్టి మా ఇల్లు మాకు దక్కింది.

మర్నాడు యాదగిరి బానెట్ లేపాడు. ముక్కు ఎగబీల్చాడు.

"వైరింగ్ జేసిన్రా సార్, పులిహోర కలిపిన్రా? సూడున్రి, చీమల బరాత్ పోతున్నది!"

"నువ్వే కదయ్యా సాఫ్ చేయమన్నావు!"

"సాఫ్ అంటే పొడిగ తుడుసుడు సార్! తడి సొరకుండనే గద గా రబ్బరు రింగులు. ఏవి అవి?"

"పారేశాను."

"ఆహా! పులుసు వాన కురిపించి, ఉన్న గొడుగు గుంజుకున్నరు."

ఒక్కొక్క వైరునూ ఊపుతూ, చిన్న బల్బు తగిలించి చూస్తూ, కాలినవి మార్చి, తారుమారైన కవల కప్లర్లలో విరిగినదానికి కొత్తది వేసి కారును బతికించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ వచ్చినవాడికల్లా కథ చెప్పాడు. సాయంత్రానికి నేను 'పులిహోర సారు'నైపోయాను. కూరగాయల బండి దగ్గర నా పేరుతో పిలిస్తే నేనే పలకడం మానేశాను.

కాబట్టి బ్యాటరీ సాక్షిగా, కాలిపోయిన ఫ్యూజుల ఆత్మశాంతి కోసం, సుజాత సమక్షంలో ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో చింతపండును చారులో తప్ప కారులో వాడను.

కొన్నాళ్లకు యాదగిరి నాచారం రోడ్డు మీద పెద్ద షాపు పెట్టాడు.

"మీకు తెలుగు మస్తుగొస్తది సార్. బోర్డు మీదికి ఒక్క లైన్ రాసియ్యున్రి. జనం సూసి ఆగాలె."

రాసిచ్చాను: "మా వద్ద చింతపండు వాడబడదు."

యాదగిరి కడుపు పట్టుకుని నవ్వాడు. "మీ ఇజ్జత్ మీరే తీసుకున్నరు గద సార్!" అంటూ అన్నిటికంటే ముందు దాన్నే ఎర్ర అక్షరాల్లో రాయించాడు. నేను వినయంగా తలూపి వచ్చేశాను.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది.

"సార్, గా లైన్ చెరిపిస్త. బండి తెచ్చినోడల్ల ఒక్కటే అడుగుతున్నడు."

"ఏమని?"

"'అంటే, ఇంతకుముందు వాడెటోడివా అన్నా?' అని."